డిక్కీలో పెట్టమన్న కర్రలు

చంకకర్రలు ఇవ్వనంటే ఇవ్వనని బస్సు మెట్ల మీదే భీష్మించుకు కూర్చున్నాను.

"అందరియి డిక్కీల పెట్టినక్కా. నడుమ తొవ్వకు అడ్డమైతయి, ఇటియ్యి" అని క్లీనర్ చెయ్యి చాపాడు.

జహీరాబాద్ నుంచి ముంబైకి, సముద్రం చూడటానికి, మా వికలాంగుల సంఘం తొలి ప్రయాణమది. ఊరూరా తిరిగి, గడప దాటని వాళ్లను బతిమాలి కూడగట్టింది నేను. దండలు వేయించుకునేది మాత్రం అధ్యక్షుడు విష్ణువర్ధన్. కాళ్లూ చేతులూ నిక్షేపంగా ఉన్న మనిషి.

"జర సర్దుకో మనోరమా. దిగేటప్పుడు ఇస్తరు గదా, ఫికరెందుకు?" అన్నాడాయన.

"నడుమల దిగాల్సొస్తే ఎట్ల సారూ? ఎగురుకుంట దిగాల్నా?"

ఝరాసంగం నుంచి వచ్చిన బీరమ్మ సీట్లోంచి నన్నే కసిరింది. ఆమె చక్రాల కుర్చీ అప్పటికే డిక్కీలోకి పోయింది. "ఊకో బిడ్డా. పెద్దమనిషితోని లొల్లేంది? తీస్కపోతున్నరు, గదే పదివేలు."

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా కర్రలు ఇవ్వలేదు.

చెరకు తోటలు వెనక్కి పోతుంటే బీరమ్మ కిటికీకి అతుక్కుపోయింది. "సముద్రానికి ఆవలి ఒడ్డు కనవడదంట, నిజమేనా?" అని అడుగుతూనే ఉంది. కర్ణాటకలోకి వచ్చాక రబ్బరు కాలిన వాసన తగిలింది. డ్రైవర్‌కి చెప్పాను. ముందు పోయే లారీదన్నాడు. కాసేపటికి వాసన ముదిరింది. మళ్లీ చెప్పాను.

"నీకన్నీ అనుమానాలే" అని విష్ణువర్ధన్ నవ్వాడు.

వెనక సీట్లో దేవరాజ్ లేచి నిలబడ్డాడు. అతనికి వినపడదు, మాట రాదు. అద్దంలోంచి వెనక్కి చూసి, మా వైపు తిరిగి, వేళ్లు ఆడిస్తూ రెండు చేతులూ పైకెత్తాడు. అతని సైగలు ఆదివారం ఆదివారం అందరం కూర్చుని నేర్చుకున్నవే. బస్సంతా ఒక్కసారిగా "మంట!" అని అరిచింది.

"ఏమంటుండు వాడు?" అన్నాడు ఆ సైగలు నేర్చుకోని విష్ణువర్ధన్.

బస్సు ఆగింది. డ్రైవర్, క్లీనర్, వాళ్ల వెనకే అధ్యక్షుడు దూకేశారు. వెనక నల్లటి పొగ. డిక్కీ పిడి ముట్టుకున్న క్లీనర్ కెవ్వుమని చెయ్యి లాక్కున్నాడు.

లోపల మా వాళ్లు నేల మీద పాకుతూ వస్తున్నారు. రోడ్డు వాలుకి తలుపు మూసుకుపోతుంటే ఒక కర్ర అడ్డం పెట్టాను. రెండోది పట్టుకుని ఒక్కొక్కరూ కిందికి జారారు. దేవరాజ్ బీరమ్మను వీపున వేసుకుని దించాడు. చివరికి అడ్డం పెట్టిన కర్ర లాక్కుని నేనూ దిగాను.

ఎక్కడో దూరం నుంచి విష్ణువర్ధన్ కేకలు. "ట్యాంకు పేలుతది! లేవుండ్రి! ఉరుకుండ్రి!"

ఉరకమంటున్నాడు! మమ్మల్ని! ఏడవాలో తిట్టాలో తెలియలేదు. కంకర మీద మోచేతులు చీరుకుపోతుంటే చెరకు గట్టు దాకా దేక్కుంటూ పోయారందరూ. వెనక్కి తిరిగేసరికి బస్సు భగభగా మండుతోంది. తన కుర్చీ కాలిపోతుంటే బీరమ్మ గుడ్లప్పగించి చూసింది.

పొద్దుగూకుతుండగా మమ్మల్ని వెనక్కి తీసుకెళ్లడానికి వేరే బస్సు వచ్చింది. "అందరం క్షేమం" అని విష్ణువర్ధన్ ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు. కొత్త క్లీనర్ చెంగున దిగి నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఆ కర్రలిటియ్యి. డిక్కీల పెడ్త."

నాకు తిట్టడానికి కూడా ఓపిక మిగల్లేదు. రోడ్డు అంచున నేల మీద కూర్చున్న బీరమ్మ చెయ్యి చాచి నా కర్ర అడుగు గట్టిగా పట్టుకుంది.

"చెయ్యి తియ్యి బిడ్డా. అవి మాతోనే లోపలికొస్తయి. లేకుంటే మేమెవ్వలం ఎక్కం."

"అమ్మా, జర సర్దుకో..." అంటూ విష్ణువర్ధన్ ఫోను దించాడు.

ఏం జరుగుతోందో దేవరాజ్‌కి సైగ చేశాను. అతను వచ్చి బీరమ్మ పక్కనే చతికిలబడ్డాడు. నేనూ కర్రలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. డ్రైవర్ హారన్ మోగించాడు. చీకటి పడుతోంది, లారీలు మమ్మల్ని రాసుకుంటూ పోతున్నాయి. మాలో ఒక్కరూ కదల్లేదు.