ఆరో వారం పాఠం

తోకిలుపే (మాకందరికీ తోకి) మళ్ళీ చదువుకోవాలనుకున్నది చదువు మీది మోజుతో కాదు. మేముండే మాంగెరెలోని మహిళల షెల్టర్‌కు దెబ్బలు తిని వచ్చిన ఆడవాళ్ళతో మొదట మాట్లాడే మనిషి ఆమె. ఆ పనిలోనే ఆమె యౌవనం గడిచింది. కొత్త నిబంధన ప్రకారం ఇకమీద ఆ పని సోషల్ వర్క్‌లో పట్టా ఉన్నవారో, కనీసం ఆ కోర్సులో చేరినవారో మాత్రమే చేయాలి. ఆమెకున్న బి.ఎ. చాలదు. ఫిబ్రవరిలో ఎం.ఎ. సీటు దొరికితే ఆమె తన కుర్చీలోనే ఉంటుంది. దొరకకపోతే దుప్పట్లు, తువ్వాళ్ళు సర్దే గదికి మారాలి. షెల్టర్ మేనేజరు ఈ సంగతి ఎంతో విచారంగా, అంతే స్పష్టంగా చెప్పింది.

దరఖాస్తు పెట్టినట్టు ఆమె తన వాళ్ళెవరికీ చెప్పలేదు. దీవుల నుంచి వలస వచ్చిన మా టోంగా వాళ్ళలో ఇది మామూలే. ముందే చెప్పుకుని తరవాత సీటు రాకపోతే ఆ సిగ్గు ఒక్కరితో పోదు, చర్చిలోని ప్రతి బల్లకూ పంచాలి. నాకు చెప్పడానికి కారణం నేను చర్చికి వెళ్ళకపోవడమే. నేను రిటైరైన సైన్సు మాస్టారిని. చావుకు, పెళ్ళికి తప్ప ఆ గుమ్మం తొక్కను. అందువల్ల నా చెవిన పడ్డ రహస్యం బయటికి పోయే దారి తక్కువని ఆమె లెక్క. ఆ లెక్క సరైనదే.

ఇంటర్వ్యూకు తయారు కావడానికి సాయంత్రాలు మా ఇంటికి వచ్చేది. వంటగది బల్ల దగ్గర కూర్చుని నేను ప్రశ్నలు అడిగేవాణ్ణి.

"ఈ వృత్తిలోకి ఎందుకు రావాలనుకుంటున్నారు?"

"ఉన్న ఉద్యోగం ఊడిపోకుండా."

"అలా అంటే అటునుంచి అటే పంపిస్తారు."

"మరి ఏమనమంటారు?"

"సమాజం కోసం అను. ఎవరి సమాజం అని వాళ్ళు అడగరు."

ఆమె నవ్వింది. "దేవుణ్ణి నమ్మరు గానీ యూనివర్సిటీని మాత్రం బాగానే నమ్ముతారు మాస్టారూ."

"దేవుడు మార్కులు చూపించడమ్మా. వీళ్ళు అడిగితే చూపిస్తారు."

ఒకనాడు కఠినమైన ప్రశ్నే వేశాను. ఒక భార్య వచ్చి, భర్త రాత్రిళ్ళు తనను బలవంతం చేస్తున్నాడని చెప్పింది. మొదట ఏం చేస్తావు?

"మొదట ఏమీ అడగను. మంచినీళ్ళిస్తాను. తలుపు ఆవిడకి దగ్గరగా ఉండేట్టు కుర్చీ జరుపుతాను. ఆ తరవాత, ఇవాళ ఇంటికి వెళ్ళాలని ఉందా అంటాను. ఎందుకలా చేశాడు అని మాత్రం అడగను. అది వాడు చెప్పుకోవాల్సిన మాట, ఆవిడది కాదు."

ఆ జవాబులో దిద్దడానికి నాకేమీ కనబడలేదు. టీ పెట్టడానికి లేచాను.

ఇంటర్వ్యూ రోజున వాన. ఆమె కారు గ్యారేజీలో ఉండటం వల్ల నేనే తీసుకువెళ్ళాను. యూనివర్సిటీలో ఇంటర్వ్యూలు జరిగే అంతస్తులో వరండా పొడుగునా కుర్చీలు వేశారు. మేము కూర్చున్న కాసేపటికి లిఫ్టులోంచి ఫిలిమోనే దిగాడు. కొత్త కోటు వేసుకుని, మావాళ్ళు మర్యాద కోసం కట్టుకునే అల్లిక చాప నడుముకు చుట్టుకున్నాడు. అతను తోకి మేనమామ కొడుకు, విమానాశ్రయం గోడౌనులో సూపర్‌వైజరు, ఒకప్పుడు నా విద్యార్థి. ఆమెను చూసి లిఫ్టు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె చూపు తన చెప్పుల మీదికి దిగింది.

"మాస్టారూ, మీరిక్కడ?" అన్నాడు నన్ను మాత్రమే చూస్తూ.

"నీకూ ఇక్కడే పనా?"

"అప్లై చేశానండి. ఇంట్లో చెప్పలేదు."

ఎవరికి వారు సిగ్గు దాచుకోబోయి, ఇద్దరూ ఒకే గుమ్మంలో ఎదురుపడ్డారు.

మాలో బావ అనే వరస లేదు. మేనమామ కొడుకూ తమ్ముడే, తాత అన్నగారి మనవడూ తమ్ముడే. ఎదిగిన అక్కాతమ్ముళ్ళు ఒక గదిలో కూర్చుని టీవీ కూడా చూడరు. పడకకూ ఒంటికీ సంబంధించిన మాట ఒకరి ఎదుట ఒకరు అనరు. మూడోవాడు అంటే ఇద్దరూ కలిసి వినరు. అక్కది పైమెట్టు కనక అలాంటప్పుడు లేచి వెళ్ళవలసినవాడు తమ్ముడే. ఒకే గది ఇళ్ళలో పదిమంది పడుకునే కాలంలో పుట్టిన కట్టుబాటు ఇది. గదులు పెరిగాక దీని అవసరం తీరిందని నా అభిప్రాయం, దాన్ని క్లాసులో దాచుకున్నవాణ్ణీ కాను.

ఇంటర్వ్యూ ఒక్కొక్కరికి కాదు, బృందాలుగా. గోడకు అంటించిన పట్టికలో ఇద్దరి పేర్లూ ఒకే బృందంలో ఉన్నాయి. బల్ల దగ్గర ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్ళి, ఒకరిని వేరే బృందంలోకి మార్చమని అడిగాను.

"టోంగా వాళ్ళందరినీ ఒకచోటే వేశామండి," అందామె చిరునవ్వుతో. "మీవాళ్ళ మధ్య ఉంటే మీకు బెరుకుండదని. ఈ ఏడే మొదలుపెట్టాం."

"వీళ్ళిద్దరూ ఒక గదిలో మాట్లాడలేరమ్మా."

"గొడవలేమన్నా ఉన్నాయా?"

"లేవు. గౌరవం ఉంది."

"గౌరవం ఉంటే మంచిదే కదండి," అని ఆమె మరొకరి పేరు పిలిచింది.

తోకి నా మోచేయి తాకింది. "వదిలెయ్యండి మాస్టారూ. మాట్లాడతాను. ఇది ఉత్త అలవాటని మీరే అంటారుగా. నేనూ చిన్నపిల్లనేం కాదు."

లోపల ఏం జరిగిందో తరవాత ఇద్దరూ విడివిడిగా చెప్పారు. రెండు కథనాలూ సరిపోయాయి. పరిచయాలు బాగానే సాగాయి. ఆమె షెల్టర్ గురించి చెబుతుంటే పరీక్షకులు తలలూపి రాసుకున్నారు. ఆ తరవాత ఒక సందర్భం చదివి వినిపించి, అందరూ కలిసి చర్చించమన్నారు. ఇంచుమించు మా వంటగదిలో నేనడిగిన ప్రశ్నే అది. భార్య, భర్త, రాత్రి.

ఫిలిమోనే లేచి వెళతాడని ఆమె ఎదురుచూసింది. అతను లేవలేదు. బల్ల అంచును పట్టుకుని కూర్చున్నాడు.

"నోరు తెరిచాను మాస్టారూ," అంది తిరుగు ప్రయాణంలో. "ఎదురుగా వాడి చేతులు కనిపిస్తున్నాయి. చిన్నప్పుడు నేను ఎత్తుకు తిప్పిన పిల్లాడి చేతులు."

"తరవాత?"

"తరవాత వాడు మాట్లాడాడు. సమ్మతి అన్నాడు. పడకగది అన్నాడు. నా ఎదురుగా. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, బస్సు కోసం నిలబడ్డదానిలా."

కంటి ముందుకు చెయ్యి వస్తే రెప్ప వాలుతుంది. చెయ్యి తగలదని తెలిసినా వాలుతుంది. దాన్ని మూఢనమ్మకం అనడానికి లేదు. ఈ మాట ఆమెతో అన్నాను.

"రెప్పకి మార్కులెయ్యరు కదండీ," అంది.

డిసెంబరులో ఫలితం వచ్చింది. సున్నితమైన విషయాలను చర్చించేందుకు అవసరమైన ఆత్మవిశ్వాసం ఆమెలో కనబడలేదనీ, వచ్చే ఏడాది మళ్ళీ ప్రయత్నించమనీ రాశారు. ఫిలిమోనేకు సీటు వచ్చింది. చర్చిలో అతని పేరు చదివి పాట పాడారట.

అతను ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. చేమాకుల్లో చుట్టి కాల్చిన మాంసం తెచ్చి బల్ల మీద పెట్టాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నువ్వు లేచి వెళ్ళాల్సింది," అన్నాను.

"వెళితే నాకు సున్నా."

"ఉంటే ఆవిడకి సున్నా."

"ఎవరో ఒకరికి తప్పదు కదండీ. నాకు ఇద్దరు పిల్లలు. గోడౌన్లో రాత్రి డ్యూటీలు చేసి నడుం పోయింది." కొంచెం ఆగి అన్నాడు: "తొమ్మిదో క్లాసులో మీరే చెప్పారు. ఇళ్ళకి గదులొచ్చాయి, ఇక ఈ కట్టుబాటుకి పనిలేదు అని."

"పరీక్షలో ఆ ప్రశ్న నేనెప్పుడూ ఇవ్వలేదు."

"వాళ్ళిచ్చారు," అన్నాడు.

చేమాకు పొట్లం చల్లారేదాకా అలాగే ఉంది.

కోర్సు అధిపతి డాక్టర్ పెంబర్టన్‌ను కలవడానికి నేనే వెళ్ళాను. మర్యాదస్తురాలు. నా మాటకు అడ్డు రాకుండా చివరిదాకా విన్నది.

"ఆ ఆచారం మాకు కొత్త కాదండి," అంది. "రెండో సెమిస్టరు ఆరో వారంలో అదే పాఠం. దాన్ని చాలా గౌరవిస్తాం."

"ఇంటర్వ్యూ గదిలో?"

"అక్కడ కొలత అందరికీ ఒకటే ఉండాలి. లేకపోతే మిగతావాళ్ళకి అన్యాయం కదా."

"థర్మామీటరు అందరికీ ఒకటే ఉండొచ్చు. ఒకరిని మంచుగడ్డ మీద కూర్చోబెట్టి జ్వరం లేదని రాస్తే?"

ఆమె నవ్వింది. మంచి పోలిక అంది. ఫలితం మార్చే వీలు లేదు అంది. లిఫ్టు దాకా వచ్చి సాగనంపింది.

ఫిబ్రవరిలో తోకి దుప్పట్ల గదికి మారింది. ఆమె కుర్చీలో పట్టా ఉన్న ఒక అమ్మాయి చేరింది. ఆ అమ్మాయి మంచిదేనని తోకి చెప్పేది. "ప్రశ్నలన్నీ వరసగా అడుగుతుంది. ఆడవాళ్ళు జవాబులు కూడా వరసగానే చెబుతారు. తరవాత తువ్వాలు కోసం నా దగ్గరికొచ్చి అసలు సంగతి చెబుతారు. నేను వినకూడదు మాస్టారూ, నిబంధన. దుప్పటి మడతపెడుతూ వింటాను."

ఆగస్టులో ఆ కోర్సువాళ్ళు షెల్టర్‌ను ఒక సహాయం కోరారు. తమ విద్యార్థులకు టోంగా అక్కాతమ్ముళ్ళ ఆచారం గురించి వివరించడానికి ఎవరినైనా పంపాలి. గౌరవ పారితోషికంగా సూపర్‌మార్కెట్ కూపను ఇస్తారు. మేనేజరు తోకి పేరు చెప్పింది. ఆమె ఒప్పుకుంటుందని నేననుకోలేదు.

"వెళతాను," అంది. "లోపలికెళ్ళే దారి నాకు ఇదొక్కటే మిగిలింది. మీరూ రండి. సైన్సు ప్రశ్నలేవన్నా అడిగితే మీరు చూసుకోండి."

పాఠం చెప్పే ఆయన జోయెల్ అనే కుర్రవాడు, కొత్తగా చేరాడు. అతనికి మా ముఖాలు తెలియవు. నేను వెనక వరసలో కూర్చున్నాను. మధ్యలో, కిటికీ వైపు, ఫిలిమోనే ఉన్నాడు. తోకి బోర్డు ముందు నిలబడి అతన్ని చూడనట్టే చూసింది. చేతిలోని కాగితం మడిచింది. జోయెల్ ప్రోత్సాహంగా తలూపాడు.

ఫిలిమోనే పుస్తకాలు సర్దుకుని లేచాడు.

"అంతా బాగానే ఉందా?" అని అడిగాడు జోయెల్.

"ఫోనొచ్చిందండి," అన్నాడు ఫిలిమోనే. అసలు కారణం ఆమె ఎదుట చెప్పడం కూడా తప్పే.

"ఈ వారం హాజరు తప్పనిసరి. గైర్హాజరు వేయాల్సి వస్తుంది."

"వెయ్యండి."

తలుపు మూసుకుంది. అప్పుడు తోకి మాట్లాడింది. కాగితం చూడలేదు. ఆచారం ఎక్కడ మనిషిని కాపాడుతుందో, ఎక్కడ దెబ్బలు తిన్నదాని నోరు నొక్కుతుందో, గదిలో ఎవరున్నారో చూసుకోకుండా ప్రశ్న అడిగితే ఏమవుతుందో చెప్పింది. నీళ్ళ గ్లాసు గురించి, తలుపు దగ్గరి కుర్చీ గురించి చెప్పింది. పిల్లలు రాసుకోవడం మరిచి విన్నారు.

ముందు వరసలోని ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "అక్కనీ తమ్ముణ్ణీ ఒకే గదిలో కూర్చోబెట్టి అలాంటి విషయమే మాట్లాడమంటే ఏం జరుగుతుంది?"

"ఒకరు నోరు మూసుకుంటారు," అంది తోకి.

"ఎవరు?"

"మర్యాద వదులుకోలేనివాళ్ళు."

సైన్సు ప్రశ్నలేవీ రాలేదు. గంట మోగాక జోయెల్ కూపను ఉన్న కవరుతో వచ్చాడు. నిజాయితీపరుడు, ముఖం వెలిగిపోతోంది.

"ఇంత బాగా ఎవరూ చెప్పలేదండి. మీరు మా కోర్సుకి అప్లై చెయ్యాలి. ఇలాంటి విషయాలు ఇంత ధైర్యంగా మాట్లాడగలిగేవాళ్ళు మాకు దొరకడం లేదు."

తోకి కవరు అందుకుని చేతిసంచిలో పెట్టుకుంది. "చూస్తానండి," అంది.

వరండాలో ఫిలిమోనే కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. మేము లిఫ్టు ఎక్కేదాకా ఇటు తిరగలేదు. ఆమె కూడా పిలవలేదు.

తిరిగి వస్తూ కారులో తోకి కవరు తెరిచి కూపను తీసింది. సూపర్‌మార్కెట్ మలుపు రాగానే ఆపమంది.

"ఏం కొంటావు?"

"సబ్బు పొడి," అంది. "షెల్టర్లో అయిపోయింది."