అత్తయ్య ఎంచిన అలసందలు

మా ఇంట్లో పురుగులకున్న మర్యాద నాకు లేదు. వంటింట్లో పొయ్యి పక్కన వెచ్చటి గూడు చూసి వాటి చేత కాపురం పెట్టించింది మా ఆవిడ. ఒక్కో సీసాలో గుప్పెడు అలసందలు, వాటిలో కొన్ని పుచ్చు పురుగులు, మూతికి పల్చటి గుడ్డ. ల్యాబులో వెచ్చటి గది పాడవడంతో ఇవన్నీ మా నెత్తికెక్కాయి.

తన పని మట్టిలో ఉండే మేలు చేసే బాక్టీరియాతో. సగం విత్తనాలకు దాన్ని పట్టించి నాటింది, సగం ఊరికే నాటింది. బాక్టీరియా వేళ్లను పట్టుకుంటే మొక్కకు బలమట. ఆ బలం గింజ దాకా వెళ్లి, కోతయ్యాక సీసాలో కూడా పురుగును ఆపుతుందా అన్నది తన ప్రశ్న. తేలితే చదువు పూర్తవుతుంది. తన ఆశ తన కళ్లను మోసం చేయకూడదని, ఏ సీసాలో ఏ గింజలున్నాయో తనకే తెలియకుండా చేసుకుంది. నంబర్లు వేసిన స్నేహితురాలికే ఆ సంగతి తెలుసు.

ఇంతలో మా అమ్మ చుట్టపుచూపుగా వచ్చింది. ఉతికిన బట్టలను కూడా అనుమానంగా చూసే మనిషి. కోడలి వంటింట్లో పురుగులున్నాయని నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని, మా ఆవిడ పనికి వెళ్లగానే గూటి మీద పడింది. సాయంత్రానికి కొన్ని సీసాలు కడిగి బోర్లించి ఉన్నాయి. గిన్నెలో అలసందలు నానుతున్నాయి.

మా ఆవిడ అక్కడే చతికిలబడింది. ఎవరిని ఓదార్చాలో తెలియక, తన కోసం తెచ్చిన మంచినీళ్లు నేనే తాగేశాను.

"పుచ్చినవి ముట్టుకోలేదమ్మా. బాగున్న సీసాలే ఒంపాను, చచ్చిన పురుగుల్ని ఊదేసి. మిగతావి రేపు పారేద్దామని ఉంచాను" అంది అమ్మ.

తను తలెత్తింది. "బాగున్నవని ఎలా తెలిసింది అత్తయ్యా?"

"చిల్లుల్లేని గింజలు కళ్లకు కనపడవా ఏంటి?"

తను బోర్లించిన సీసాల నంబర్లు చూసి స్నేహితురాలికి ఫోన్ చేసింది. ఒక్కో నంబరూ చదువుతుంటే అవతల నుంచి ఒకటే జవాబు, "బాక్టీరియాదే." చివరిదీ అంతే. "ఎందుకే, ఏమైంది?" అందా స్నేహితురాలు.

"మా అత్తయ్య కూరకి ఎంచారు" అని ఏడుస్తూనే నవ్వింది మా ఆవిడ.

బాక్టీరియా సీసా ఒకటి మాత్రం గూట్లోనే మిగిలింది, దాని గింజలూ పుచ్చాయి. అదీ దాచకుండా గైడుకు చెప్పింది. గింజలన్నీ కలిసిపోయాయి కాబట్టి ఈ పరీక్ష చెల్లదు, మళ్లీ పంట వేయమన్నాడాయన. అమ్మకు ఎలా చెప్పాలా అని నేను నసుగుతుంటే తనే చెప్పేసింది.

అమ్మ ముఖం చిన్నబోయింది. "నా వల్ల నీ చదువు వెనకబడిందా?"

"వెనకబడితే పడింది. ఇన్నాళ్లూ ఫలిస్తుందో లేదో అని భయపడుతూ చేశాను అత్తయ్యా, ఈసారి ధైర్యంగా చేస్తాను."

ఆ మాటకు లేచి, పురుగు పేరెత్తితేనే ఒళ్లు జలదరించే మా అమ్మ, గూట్లో మిగిలిన ప్రతి సీసాకూ గుడ్డ బిగించి కట్టింది.

"మళ్లీ పంట వచ్చేసరికి ఈ పురుగులు కావాలిగా, ఒక్కటి కూడా పోకూడదు" అంది.