పేడకుప్ప పక్కన తీసిన మట్టి

నేను ఒక మట్టి తోడే గొట్టాన్ని. పాతాళం దాకా దిగి, ఆదిశేషుడి వీపు గీరి వచ్చినదాన్ని. పాడుబడ్డ బోరు పైపు ముక్కని వెల్డింగు కొట్టులో కోసి, ఒక మూతి పదును పెట్టి, రెండో కొసకి అడ్డంగా పిడి అతికించారు. అక్కడి నుంచి వ్యవసాయ సహాయకురాలు హేమలత చేతికి వచ్చాను. నన్ను ఎక్కడ గుచ్చితే అక్కడి మట్టినే తెస్తాను. నాకు తెలిసిన నీతి అంతే. మనుషులకి ఆపాటి కూడా లేకపోతే ఒళ్ళు మండదూ?

పోలమ్మ కౌలుకి చేస్తున్న ఎర్ర గరువు నేలలో వేరుశనగ ఏటా తాలుకాయలే కాసేది. "ఈసారీ ఇంతే అయితే పొలం ఇంకొకరికి ఇచ్చేస్తాను" అని నేలగల ఆసామి తేల్చి చెప్పాడు. నేలలో ఆమ్లం పెరిగి పులిసి ఉంటుందని, ఎంత సున్నం వెయ్యాలో లెక్క కట్టి చెబుతానని, హేమలత నన్ను పోలమ్మ మామ సన్యాసికి ఇచ్చింది. ఎద్దు నడుస్తూ ఉచ్చ పోసినట్టు పొలమంతా వంకర టింకరగా తిరిగి, చోటుకో పిడికెడు తీసి కలపమంది.

ఆ పెద్దమనిషి తిన్నగా పేడకుప్ప దగ్గరికి నడిచాడు. ఏళ్ళ తరబడి పేడా, పొయ్యి బూడిదా పడి నల్లగా నిగనిగలాడే మూల అది. సంచి నిండేదాకా నన్ను అక్కడే పొడిచాడు. ఆ ఊళ్ళో అందరూ చేసే పనే. ఆఫీసుకి వెళ్ళే మట్టి కదా, మంచిది పంపకపోతే పరువు పోతుందట. నాకు పళ్ళుంటే అప్పుడే కరిచేదాన్ని.

పేడా బూడిదా పులుపుని విరిచేస్తాయి మరి, పరీక్షలో పులుపే తేలలేదు. సున్నం అక్కర్లేదని కబురు వచ్చింది. పోలమ్మ నమ్మలేదు. సంచిలో మిగిలిన మట్టిని గుమ్మంలో కుమ్మరించింది.

"మన సేను ఎరుపు గదా మావా, ఈ నలుపు ఎక్కడిది?"

"పెద్దోల్లు సూసే మట్టి. సిరుగు గుడ్డల్తో పంపుతామేటే?"

"పెల్లిసూపులకి పక్కింటి పిల్లని కూకోబెట్టినట్టుంది. రేపు కాపరం సేసీది ఆ పిల్లా, నేనా?"

సన్యాసి తువ్వాలు దులుపుకుని బయటికి పోయాడు. పోలమ్మ నన్ను అందుకుని చేలోకి దిగి, హేమలత చెప్పినట్టే వంకర టింకరగా తిరిగింది. ఆ కోపంలో ఆవిడ తొక్కిన తొక్కుకి నాకు పాతాళం కనబడింది. అన్నట్టు, పాతాళం మాట కోతలెండి. నేను దిగేది జానెడు. ఆదిశేషుడు కాదు కదా, వానపాము వీపు కూడా సరిగ్గా గీరలేదు.

ఈసారి మట్టి బాగా పులిసి ఉందని తేలింది. పులుపు ఎంతో తెలిస్తే చాలదంది హేమలత. ఏదో ద్రావణం కలిపి, నేల ఆ పులుపుని ఎంత గట్టిగా పట్టుకుందో కూడా చూసింది. బంకమట్టి అయితే సున్నం ఎక్కువ తాగుతుంది, ఇసక పాలు ఎక్కువున్న గరువుకి తక్కువ చాలు. అలా చూసి ఎకరానికి లెక్క కట్టింది. సన్యాసి ఊరుకుంటేనా?

"రెండింతలేసేస్తే ఇంకా బేగి తీపెక్కదేటమ్మా?"

"పప్పులో ఉప్పు రెండింతలు వేస్తే రుచి రెండింతలవుతుందా తాతా? ఆకు పసుపెక్కి పైరు పోతుంది."

పోలమ్మ సున్నప్పొడి తట్టలతో మోసింది. కళ్ళు మండుతున్నా చల్లింది, దున్నించింది, వానలు పడ్డాక విత్తింది. కాయ గింజ పట్టింది. ఆసామి చూడటానికి వచ్చాడు. గుప్పెడు కాయలు ఒలిచి, కళ్ళు దించుకుని, "తొందరపడి మాటాడేశాను పోలమ్మా" అన్నాడు.

ఇప్పుడు నేను మూతి మొద్దుబారి, ఆఫీసు వెనక పాత సామాన్లలో పడి ఉన్నాను. తుప్పుకన్నా కోపమే నన్ను ఎక్కువ తింటోంది. ఎందుకంటే ఆ చివరి మాట నేను కల్పించాను. కాయలు నిండటం నిజం, ఆసామి రావడం నిజం. కళ్ళు మాత్రం దించలేదు. పోలమ్మ కాయలే ఒలుచుకు నములుతూ, "నా నేల మంచిదేనని నాకెప్పుడో తెల్సు. సర్లే, ఇంకో ఏడు సేసుకో" అన్నాడు.