పెట్టినవాళ్లదే వస్తువు

“కొనేది లేదు, అమ్మేది లేదు. ఆ చచ్చినోళ్ల సామాన్లల్ల ఏం పెట్టినవే, గంటలకొద్ది నిలవడతవు?” అంది అత్త బాలవ్వ.

దుర్గవ్వ గంజి పెట్టిన పడుగు దారాలను కుంచెతో దువ్వుతూనే ఉంది. ప్రతి అంగడినాడూ వినే మాటే అది. కంట్రోలు దుకాణం ముందు ఎండలో నిలబడి నూలు తెచ్చేది తను. గంజి కాచేది, కండెలు చుట్టేది తను. నేసిన తువ్వాలల మూట నెత్తిన పెట్టుకుని మోసేదీ తనే. బేరం కుదిరినాక మొగుడు బుచ్చిరాములు కల్లు కాడ పొద్దుగూకేదాకా కూర్చుంటే, పాపం అలసిపోయిండంటారు. తను ఓ గడియ నిలబడి చూస్తే మాత్రం తిరుగుబోతుతనం.

అయినా ఆ రోజూ పోయింది. తనకంటే ముందే పొద్దుగాల అంగడికి వచ్చిన బుచ్చిరాములు ధర మాట్లాడడానికి సావుకారు దుకాణంలోకి పోగానే, దుర్గవ్వ మూట చంకన పెట్టుకుని పాత సామాన్ల వరుసకు నడిచింది.

యుద్ధం వచ్చి నూలు కరువైనప్పటి నుంచి సిద్దిపేట అంగట్లో ఆ వరుస పొడుగవుతూనే ఉంది. మగ్గాలు ఆగిన ఇళ్లనుంచి గిన్నెలు, చితికిన నవాబుల దేవిడీలనుంచి తమలపాకుల పాందాన్లు వచ్చి గోనెసంచుల మీద పక్కపక్కనే కూర్చునేవి. పాదరసం రాలిన అద్దంలో దుర్గవ్వకు తన ముఖం సగమే కనబడేది. మిగతా సగం ఏ బేగందో అనుకుని నవ్వుకునేది. కాటుక పెట్టుకునే సుర్మాదానీ మూత తీసి వాసన చూసేది. నీలిగాజు దీపపు చిమ్నీని ఎండకు పట్టి, దాని నీడను అరచేతిలో పోసుకునేది. చేతికి తీసుకున్న వస్తువును తోమి బోర్లించాల్సిన పనిలేని చోటు ఆమెకు లోకంలో అదొక్కటే.

అన్నిటికంటే ఇష్టం, గిన్నెల మీద చెక్కిన పేర్లు చదవడం. నంగునూరు బడిలో నేర్చుకున్న నాలుగక్షరాలకు ఇంకెక్కడా పని పడలేదు. కొండవ్వ. పెంటవ్వ. రాజవ్వ. పుట్టింటివాళ్లు చెక్కించి ఇచ్చిన పేర్లు. ఎప్పుడో బతికి పోయిన ముసలమ్మలై ఉంటారనుకునేది.

“వచ్చినవా దొరసానీ! చూసి చూసి నా ఇత్తడి అరగదీస్తివి కదనే,” అంది సామాన్లమ్మే కొమురవ్వ, ఆకు నములుతూ.

దుర్గవ్వ గోనె దగ్గరికి జరిగింది. గోనె అంచున ఒక రాగిచెంబు ఉంది. దాని మెడ కింద, చీమలబారులా కిందికి జారిన అక్షరాలు. దుర్గవ్వ.

“ఇదెక్కడిది, అక్కా?”

“అదేందే, మీ ఆయనే గదా పొద్దుగాల ఇచ్చిండు. నువ్వే పంపినవన్నడు. దీనికి మారుగా జేబుగడియారం తీస్కపోయిండు. నడవదని చెప్పిన. ‘గొలుసు మెరుస్తది, చాలు’ అన్నడు.”

నువ్వే పంపినవన్నడు. చెంబు పోయినందుకంటే ఆ మాటకే ఒళ్లు మండింది. తన నోట్లో లేని మాటను తన పేరు మీద అంగట్లో పెట్టి వచ్చాడు. ఒంగి కొండవ్వ గిన్నెను, పెంటవ్వ తాంబాళాన్ని మళ్లీ చూసింది. ఇన్నాళ్లూ వీళ్లు చచ్చిపోయారనుకుంది. చావలేదేమో. కొండపాకలోనో బెజ్జంకిలోనో ఈ పొద్దు ఏ అటక మీదో చెయ్యి పెట్టి, ఇక్కడే పెడితిని గదా అని తడుముకుంటున్నారేమో.

ఆ వరుసకొక కట్టుబాటుంది. గోనె మీద పెట్టిన వస్తువు పెట్టినవాళ్లదే. ఎవరిదని ఎవరూ అడగరు.

దుర్గవ్వ మూట ముడి విప్పింది. ఎర్ర అంచు తువ్వాల ఒకటి తీసి గోనె మీద పరిచింది.

కొమురవ్వ ఆకు నమలడం ఆపింది. “మీ ఆయన ఊకుంటడా?”

“పెట్టింది నేను, అక్కా. చెంబు ఇయ్యి.”

చెంబు చేతికి వచ్చేసరికి బుచ్చిరాములు రానే వచ్చాడు. అంతదాకా కనబడని గొలుసు ఇప్పుడు అంగీ మీద ఊగుతోంది. “మూట వదులైందేందే?” అని, చెంబు చూసి ఆగాడు. తర్వాత తువ్వాలను చూశాడు. “సావుకారుకు మాటిచ్చిన సరుకది! ఎవర్నడిగి ఇచ్చినవ్?”

“చెంబు ఎవర్నడిగి ఇచ్చినవో చెప్పు. నేను గూడ వాళ్లనే అడుగుత.”

కొమురవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్క గోనెవాళ్లు తలలు తిప్పారు. బుచ్చిరాములు గొంతు తగ్గించి, “నలుగుర్ల నవ్వులపాలు చేస్తున్నవ్. నడువు ఇంటికి,” అన్నాడు.

దుర్గవ్వ మూట బిగించి కట్టి అతని చేతిలో పెట్టింది. పెళ్లయినప్పటి నుంచి ఆ మూట అతని చేతికి పోవడం అదే మొదలు.

“నువ్వు నడువు,” అంది. “ఆ కొసకున్న సామాన్లు నేనింకా చూడలే.”