పడమటి ఊపిరి

బొమ్మనహళ్ళిలో గార్మెంట్ ఫ్యాక్టరీల వెనక సందులో ఆడవాళ్ళు బట్టలు ఆరేసేది సొన్నమ్మ మొగుడికి ఊపిరి పోసే వేళ చూసుకునే. పొద్దున్నే కాఫీ తాగి, తల దువ్వుకుని, పనికి పోయే ముందు మొగుడి మంచం దగ్గర కూర్చుంటుంది. మునినారాయణప్ప నోరు కొంచెం తెరిచి ఎదురుచూస్తూ ఉంటాడు. ఆమె గుండె నిండా గాలి పీల్చుకుని మెల్లగా అతని మొహం మీదికి వదులుతుంది. నల్లబడ్డ పెదవులకు మళ్ళీ రంగు వస్తుంది. మిగిలిన గాలి కిటికీలోంచి సందులోకి పోయి, తీగల మీది చీరల్ని ఎగరేసి, హోసూరు రోడ్డు దాకా వెళ్ళి ఆగిపోతుంది.

"సొన్నక్కా, ఇంకొంచెం ఇడువు. దుప్పట్లు ఆరలేదు" అని ఎదురింటి ఆదెమ్మ కేకేస్తుంది.

సొన్నమ్మ పుట్టుకే అంత. సంతోషంగా ఉన్నప్పుడు ఆమె ఊపిరి అందరిలాంటిదే. కష్టం వచ్చినప్పుడే గాలయ్యేది. ఫ్యాక్టరీలో ఆమె కూర్చునే వరసలో ఫ్యాన్లు వేసేవాళ్ళు కాదు.

వాళ్ళకు ఒక్కతే కూతురు చైత్ర. ఆమె చిన్నప్పుడు వాళ్ళ కాపురం హలసూరు కెరె పక్కన. పటాలంలో పడవలు నడిపి రిటైరైన వెంకటరాయప్ప ఆదివారాలు ఆ చెరువులో పిల్లలకు తెరచాప పడవ నేర్పేవాడు. మునినారాయణప్ప కూతుర్ని భుజాన ఎక్కించుకుని గట్టు మీద నిలబడి చూసేవాడు. గాలి రాకముందే ఈ పిల్ల మొహం అటు తిప్పడం వెంకటరాయప్ప కంటబడింది.

"నీకెట్ల తెలిసె?" అన్నాడు.

"మా అమ్మ ఊపిరి ఇడిచే ముందు ఇట్లే ఉంటాది సార్."

ఆయన చుక్కాని కర్ర ఆమె చేతికిచ్చాడు.

ఆ చెరువు చుట్టూ మేడలే. గాలి ఒక మూల లేచి ఇంకో మూల చచ్చిపోతుంది. గాలి తగిలిన చోట నీళ్ళ మీద నల్లగా పాకే మరకల్ని పట్టుకుని పరిగెత్తడమే అక్కడ పందెం. చైత్ర అందులో ఆరితేరింది. గట్టు మీద అమ్మ ఉంటే ఇక చెప్పే పనిలేదు. "ఆంటీ వొచ్చినారు, ఈ పొద్దు గాలి ఉండాది" అని మిగతావాళ్ళు కూడా తాళ్ళు బిగించుకునేవాళ్ళు. సొన్నమ్మ గాలి అందరి తెరచాపల్లోనూ పడేది. అది మధ్యలో ఎక్కడ తెగుతుందో, మళ్ళీ ఎక్కడ అందుకుంటుందో మాత్రం కూతురికే తెలుసు.

మునినారాయణప్ప జిగణిలో గ్రానైటు కోసే ఫ్యాక్టరీకి మారడంతో కాపురం బొమ్మనహళ్ళికి వచ్చింది. అక్కడే అతనికి దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుందన్నారు డాక్టర్లు. మందుకు కరిగేది కాదన్నారు. మనిషి మంచానికి అతుక్కుపోయాడు. ఆనాటి నుంచి సొన్నమ్మ ఊపిరే అతని ఊపిరి.

దేశం జట్టుకు ఎంపిక పందెం హలసూరు చెరువులోనే పెట్టారు. ఆ రోజు ఆకు కదల్లేదు. చైత్ర ఇంటికి ఫోన్ చేసి ఏడ్చింది. సొన్నమ్మ ఆ పొద్దు ఊపిరి పోయకుండానే మొగుణ్ణి ఆదెమ్మకు అప్పజెప్పి ఆటో ఎక్కింది. గట్టు మీద నిలబడి ఒక్క నిట్టూర్పు విడిచింది. చైత్ర గెలిచింది. ఇద్దరూ ఇంటికి వచ్చేసరికి మునినారాయణప్ప గోళ్ళు నీలం తిరిగి, కళ్ళు తేలేసి ఉన్నాడు. సొన్నమ్మ పొద్దుగూకేదాకా ఊదితే గాని మనిషి కాలేదు.

"ఇంక నన్ను పిలవద్దు పాపా," అంది ఆమె, చెమటలు తుడుచుకుంటూ. "నాకుండేది ఒక్క ఊపిరి. ఇద్దరికి చాలదు."

చైత్ర తల వంచుకుంది. మళ్ళీ పిలవలేదు.

ఆ తర్వాత అంతా సముద్రమే. వెంకటరాయప్ప వెంట ఓమన్ పోయింది, జపాన్ పోయింది, పోర్చుగల్ పోయింది. ఎక్కడ చూసినా వెనక వరసే. సముద్రపు గాలి లావుగా, పరాయిగా, ఎవరి కష్టంతోనూ పనిలేనట్టు వీచేది. దాని మొహం ఎటు చూసి చదవాలో ఆమెకు తెలిసేది కాదు. అరచేతులు చీరుకుపోయాయి, మోకాలు వాచింది. అయినా ఏడాదికేడాది ఒక్కొక్క పడవనూ దాటుకుంటూ మధ్య వరస దాకా పాకింది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా నాయన ఇంకొంచెం చిన్నవాడై కనిపించేవాడు.

"ఒలింపిక్సుకు పోతావా పాపా?" అనేవాడు, మాటకూ మాటకూ మధ్య ఆగి ఆగి.

"పోతా నాయనా."

"బిరీన పో."

ఇరవై ఏడో ఏట థాయిలాండ్ తీరంలో అర్హత పోటీలకు దిగింది. ఇందులో పోతే మళ్ళీ అవకాశం నాలుగేళ్ళకు. నాయన అన్నాళ్ళు ఉండడని అందరికీ తెలుసు. మొదటి రోజుల్లో కిందా మీదా పడి ఎలాగో అంచు దాకా వచ్చింది. ఆఖరి పందెంలో మొదటి ముగ్గురిలో ఉంటేనే ఒలింపిక్సు. మర్నాడు గాలి పడిపోతుందని వాతావరణం వాళ్ళు చెప్పారు. గాలి లేని నీళ్ళలో ఆమె పడవ ఎప్పుడూ వెనకే.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేసింది. ఆ మాట అడగకూడదని అనుకుంటూనే ఉంది. నోరు ఆగలేదు.

"అమ్మా, ఒక్కసారి. రేపు ఒక్కసారి మిద్దె ఎక్కి ఇడువమ్మా."

అటువైపు నాయన దగ్గు వినబడింది.

"మీ నాయన గతి ఏమి పాపా?"

"తప్పయిపోయె అమ్మా. మర్చిపో, సుమ్నే ఊరికే అన్నాను" అని చైత్ర ఫోన్ పెట్టేసింది. తను ఏమడిగిందో తనకే తెలిసి సిగ్గేసింది. అక్కడ మంచం పక్కనే ఉన్న అమ్మ ఫోన్‌లో ప్రతి మాటా నాయనకు వినబడే ఉంటుంది.

మర్నాడు చెప్పినట్టే అయింది. పందెం సగం దాకా ఏదో పిల్లగాలి నడిపించింది. ఆఖరి మలుపు దాటగానే అదీ చచ్చింది. సముద్రం నూనెలాగా నిలిచిపోయింది. చైత్ర ఏడో చోట ఉంది. గడువు లోపల ఎవరూ గీత దాటకపోతే పందెం రద్దు. రద్దయితే తను ఇంటికే. ఆమె పడవ అడుగున ఒంగి కూర్చుని, వేలాడే తెరచాపను చూస్తూ, కదలకుండా ఉండడానికి పళ్ళు బిగబట్టింది.

అప్పుడు మెడ వెనక చల్లగా తగిలింది.

పడమటి నుంచి. ఆమె వెనక్కి తిరిగి చూడక్కరలేకపోయింది. అమ్మ! అమ్మ మిద్దె ఎక్కింది. నాయనను వదిలేసి మిద్దె ఎక్కింది. తెరచాప నిండింది, పడవ కదిలింది, చుట్టూ ఉన్న పడవలన్నీ కదిలాయి. ఆమె అలవాటుగా అమ్మ ఊపిరి తెగే చోటు కోసం కాచుకుంది. అది తెగలేదు. సన్నగా, తొందర లేకుండా, ఒకే దారంలా వస్తూ ఉంది. నాలుక మీద ఏదో గరగరలాడింది. రాతిపొడి.

ఇది అమ్మది కాదు. ఇన్నేళ్ళుగా అమ్మ పోసిన ఊపిరంతా లోపల దాచుకున్న మనిషిది.

తాడు వదిలేద్దామనుకుంది. వదిలేస్తే తెరచాప ఖాళీ అవుతుంది, ఆ ఊపిరి వట్టిగా నీళ్ళ మీద పోతుంది. ఆమె వదల్లేదు. మిగతావాళ్ళు ఈ గాలి ఎంతోసేపు నిలవదనుకుని ఒడ్డుగాలి కోసం పక్కకు మళ్ళారు. చైత్ర ఒక్కతే అది ఆగదని నమ్మి తిన్నగా పోనిచ్చింది. కళ్ళలో నీళ్ళకు గీత కనబడలేదు. హారన్ మోగితే తెలిసింది, రెండో చోట దాటానని.

వెంకటరాయప్ప మోటారు బోటు వేసుకుని దగ్గరికొచ్చాడు. ఆయన మొహంలో నవ్వు లేదు. ఫోన్ అందించాడు.

"మీ అమ్మ."

"అమ్మా, నాయన..."

"పొద్దున లేపి కూర్చోబెట్టమన్నాడు పాపా. తూరుపు కిటికీ తీయమన్నాడు. నేను ఊదబోతే చెయ్యి అడ్డం పెట్టినాడు. నువ్విచ్చింది చాలు, నేనూ ఒకసారి ఇడుస్తా అన్నాడు. ఇంకా ఇడుస్తానే ఉండాడు. లోపలికి తీసుకునేదే లేదు."

"నువ్వు ఊదమ్మా! ఊదు!"

"ఊదనీడే! నోటికి చెయ్యి అడ్డం పెడతా ఉండాడు."

"చెవి దగ్గర పెట్టు ఫోన్." చైత్ర రెండు చేతులతో ఫోన్ పట్టుకుంది. "నాయనా, గెలిచినా. రెండోది వొచ్చినా. చాలు నాయనా, ఇంక ఆపు. లోపలికి తీసుకో."

ఒక చెవిలో ఫోన్‌లోంచి సన్నని ఊపిరి చప్పుడు. రెండో చెవిలో తెరచాప మీద అదే చప్పుడు.

ఆమె ఫోన్ వెనక్కిచ్చేసింది.

"ఒడ్డుకు పోదాం రా తల్లీ" అన్నాడు వెంకటరాయప్ప. "అందరూ నీకోసం చూస్తా ఉండారు."

"మీరు పోండి సార్."

పడవ ముక్కు తిప్పి, తీరాన్నీ జెండాలనూ పక్కన వదిలేసి, గాలి ఎటు పోతుంటే అటే పోనిచ్చింది. ఒక్క పిసరు వృథా కాకుండా తాడు సవరించుకుంటూ, తెరచాప అంచు మీదే కళ్ళు పెట్టుకుని పోయింది. వీపు మీద చెయ్యి వేసి మెల్లగా నడిపిస్తున్నట్టే ఉంది. వెంకటరాయప్ప, ఇంజన్ చప్పుడు ఆమెకు వినబడనంత దూరంలో వెంట వస్తూ ఉన్నాడు. కొంతసేపటికి గాలి పలచబడింది. ఇంకా పలచబడింది. తెరచాప మధ్యలో ఒక్క అరచేయంత చోట నిలిచింది. తర్వాత అదీ లేదు.

పడవ తనంతట తాను కొంచెం సాగి ఆగిపోయింది. బోటు దగ్గరికి వచ్చేదాకా చైత్ర తల ఎత్తలేదు.

"తాడు వెయ్యండి సార్," అంది. "గాలి అయిపోయింది."