మండితేనే మందు

మా అత్త గున్నమ్మది అడ్డచుట్ట. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చేది. మా తీరం ఊళ్లలో ఆడవాళ్లకి అది వింతేం కాదు. నెత్తిన చేపల తట్ట, నోట్లో చుట్ట, గాలికీ వానకీ ఆరదని ఆ సదుపాయం. ఆ నిప్పే చివరికి అంగిట్లో పుండై లేచింది. కేన్సరన్నారు. రోజూ ఆటోలో శ్రీకాకుళం తీసుకెళ్లి రేడియేషన్ ఇప్పిస్తున్నాను. మావాళ్లు దాన్ని కరెంటు పెట్టడం అంటారు.

కరెంటు మొదలైన కొన్నాళ్లకే నోరంతా పూసింది. నర్సమ్మ ముందే చెప్పింది. కాచి చల్లార్చిన గ్లాసుడు నీళ్లలో అరచెంచా ఉప్పు, అరచెంచా వంటసోడా కలిపి మాటిమాటికీ పుక్కిలించాలి. కారం, వేడి వద్దు. చుట్ట మాటే ఎత్తొద్దు. నేను రోజూ కలిపి మంచం పక్కన పెడుతూనే ఉన్నాను. అయినా నోరు మరీ పచ్చిపుండైంది, గంజి కూడా దిగడం లేదు.

మంగళవారం డాక్టరు బరువు చూసి ముఖం ముడుచుకున్నాడు.

"ఇంకా తగ్గితే కరెంటు ఆపాల్సొస్తుంది. మధ్యలో ఆపితే జబ్బుకి మనమే దారిచ్చినట్టు."

నాకు ఒళ్లు మండింది. దొంగచాటుగా చుట్ట కాలుస్తోందని నా అనుమానం. ఇంటికి రాగానే చూరు, పెట్టె, తలగడ అన్నీ తిరగేశాను. చుట్ట లేదు. మంచం కింద ఒక సీసా దొరికింది. మూత తీస్తే సముద్రం వాసన!

"ఇదేటి అత్తా?"

అత్త తల దించుకుంది. వల భుజాన వేసుకుని అప్పుడే వచ్చిన మావ గంగులు జవాబిచ్చాడు.

"గంగమ్మ నీళ్లే కోడలా. రోజూ నేనే తెస్తన్నాను. ఒడ్డు నీళ్లు కావు, కెరటం దాటి తెస్తన్నాను. నర్సమ్మ ఉప్పునీళ్లే కదేటి సెప్పింది?"

మావ గర్వంగా అరచెయ్యి చాపాడు.

"వల కోసిన సెయ్యి సంద్రంలో ముంచితే మానదేటి? మండితేనే మందు."

"అది కాయలు కాసిన సెయ్యి మావా! ఇది తోలూడిన నోరు! ఇలారా, సూడు!"

ఫోను లైటు వేసి అత్త నోరు తెరిపించాను. ఇన్నాళ్లూ మావ ఆ నోట్లోకి చూడలేదు. ఎర్రటి పచ్చిమాంసం, మీద తెల్లటి పొర, పళ్ల సందున నెత్తురు. మావ భుజం మీంచి వల జారింది.

"ఒసే గున్నా! ఎలాగున్నాదని అడిగితే సల్లగున్నాదని సెప్పినావు కదే!"

అత్త ఒక్కొక్క మాటా కూడగట్టుకుంది.

"కెరటం దాటి... నాకోసం తెచ్చినావు. ఎదురుగా కూకున్నావు. ఎలా వద్దంతాను?"

ఆ మంట నోట్లో పెట్టుకుని మొగుడి ముందు నవ్విందన్నమాట!

"మరి నేను కలిపినవి?"

అత్త గుమ్మం వైపు చూపించింది. గుమ్మం పక్క మందారం మొక్క ఎందుకలా మాడిపోతోందో అప్పుడర్థమైంది.

వెంటనే ఆసుపత్రికి ఫోను చేసి జరిగింది చెప్పాను. నర్సమ్మ తిట్టాల్సినంతా తిట్టి, ఆ నీళ్లు పారబోయమంది, పొద్దున్నే తీసుకురమ్మంది. తినేముందు నొప్పి తెలియకుండా నోట్లో పోసే మందు రాయిస్తానంది.

నేను ఫోను పెట్టేసరికి మావ పొయ్యి దగ్గరున్నాడు. పుట్టి బుద్ధెరిగాక పొయ్యి ముట్టించని మనిషి. నీళ్లు కాచి, చల్లారేదాకా విసురుతూ కూర్చుని, ఉప్పు, సోడా నన్నడిగి అడిగి కొలిచాడు. అత్త పుక్కిలించి ఊసి, అనుమానంగా చూసింది.

"మంట లేదు. ఇది మందేటి?"

మావ చల్లటి గంజి చెంచాతో అందించాడు. అత్త కళ్లు మూసుకుని మింగింది.

"ఎలాగున్నాదే?" అన్నాడు భయంభయంగా.

అత్త అతని ముఖంలోకి చూసింది. ఈసారి దాచలేదు.

"మండతన్నాది," అంది.

మావ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అత్త తన చెంగుతో అతని కళ్లు తుడిచి, ఇంకో చెంచాకి నోరు తెరిచింది.