పేడ చేతులు

మైకు అక్కర్లేదబ్బా, నా గొంతు చాలు. కూలికి పోయేటోల్లు, కాలేజీ పిల్లోల్లు, అందరూ దగ్గరకు రాండి. నా పేరు జయరాజు. రొద్దం పక్కన మా ఊరి గుట్ట మీద మానులు నరికినోణ్ణి నేనే. ఆ మాట ముందే చెప్తాండా.

ఆ పొద్దు నా కండ్లముందరే మా ఊరి వెంకటక్కవ్వ నెత్తిమీది పేడగంపను ఫారెస్టు గార్డు లాఠీతో కొట్టినాడు. గంపతో పాటు ఆ అవ్వా రాళ్లమీద పడె. డెబ్బై ఏండ్ల ముసిల్ది, మళ్లా లేవలేకపాయ. ఆమె చేసిన నేరమేందంటారా? నరికిన మోళ్లకు పేడ పూసింది. అంతే.

మా పెద్దోల్ల కట్టుబాటు ఒకటుండాది. కాడికో గుంజకో నారేపి మాను కావల్లంటే మోకాలెత్తున కొట్టల్ల. మోడు ఎండిపోకుండా పేడ పూయల్ల. చిగురు ఎదిగేదాకా ఆడికి మేకను తోలకూడదు. అట్ల కొట్టుకుంటా వచ్చినా మూడు తరాలు ఆ గుట్ట పచ్చగానే ఉండె. రెండువేల మూడు కరువులో కంట్రాక్టరు నాగభూషణం వచ్చినాడు. "నేలమట్టంగా కొట్టండప్పా" అన్నాడు. మా ఇంట్లో పొయ్యి వెలిగి రెండు దినాలాయ. కొట్టినా. మానులు లారీల్లో హిందూపురం పోయినాయి.

"నరికితే నరికినావు, వేరుకాడికి నరికితే యాడ చిగురుస్తాదిరా?" అని అడిగింది అవ్వ.

ఆనక కంట్రాక్టరు ఊర్లో మీటింగు పెట్టినాడు. మోళ్లు చచ్చినాయంట, పెరికేసి నీలగిరి నాటతాడంట. భూమి వేడెక్కతాండాదంట, నీలగిరి పట్నాల పొగ మింగుతాదంట.

అవ్వ లేసింది. "మా నారేపి మింగదా అప్పా ఆ పొగ? అదేమన్నా ఉపాసముంటాదా?"

జనం నవ్విరి.

"చచ్చిన చెట్టేం మింగుతాది ముసిల్దానా!" అని కసిరినాడు కంట్రాక్టరు.

"చచ్చిందో బతికిందో వానొస్తే తెలుస్తాది. చిగురొచ్చినదాన్ని పెరికితే ఊరు ఊరుకోదు."

మర్నాటి నుంచి గంపెత్తింది. ఒక్కతే. మేమెవురమూ పోలేదు, భయం. గార్డు కంట్రాక్టరు మనిషని అందరికీ తెలుసు.

దెబ్బ తగిలిన తొమ్మిదోనాడు అవ్వ చచ్చిపాయ. మంచంలో కూడా "వానొచ్చిందా?" అనే అడిగింది. రాలేదు. నేను ఏడ్చినా. ఇప్పుడూ ఏడుస్తాండా, సిగ్గేముండాది?

మట్టి చేసినాక స్నానాలకు పోకుండా ఊరు ఊరంతా గుట్టెక్కింది. అవ్వ పక్కింటి ఖాజాబీ తన ఎనుము పేడ తట్టకెత్తుకుని ముందర నడిచింది. నేను కొట్టిన ప్రతి మోడూ నాకు తెలుసు. ఒక్కోదానికాడ మోకాళ్లమీద కూచుని పూసినా. శానా వరకు ఎండి పలిగినాయి. అవ్వ పూసినవాటిల్లో కొన్నింటికి మాత్రం గోరంత చిగురుండాది, వాన లేకున్నా. ఆమె చూడకుండానే పాయ.

జీపొచ్చింది, ఎనకనే కంట్రాక్టరు లారీ. గార్డు నీళ్ల క్యాను దించినాడు.

"చేతులు కడుక్కున్నోల్లు ఇండ్లకు పొండి. పేడ చేతులోల్లు లారీ ఎక్కండి, కేసు!"

ఖాజాబీ పోయి క్యాను ఎత్తింది. అయిపాయ, ఈమె కడుక్కుంటే అందరూ కడుక్కుంటారనుకున్నా. ఆమె మాత్రం అవ్వ పూసిన మోడుకాడ కూచుని, క్యాను మొత్తం దాని మొదట్లో వంచింది.

"నీళ్లు బాగుండాయి నాయనా," అంది గార్డుతో, "రేపూ తీసుకురా."

పేడ చేతుల్తోనే లారీ ఎక్కింది. ఎనక నేను. మానులు మోసిన లారీనే అది, ఇంకా నారేపి బెరడు ఉండె అందులో. పట్టినంతమంది ఎక్కినాం. పట్టనోల్లు ఎవురూ ఇంటికి పోలేదబ్బా, లారీ ఎనకాలే నడిచిరి.